తెరచాప పడవలో కరెంటు సరిపెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో సోలార్, బ్యాటరీల పని చేస్తాను. వీలు దొరికినప్పుడు తెరచాప పడవల్లో సిబ్బందిగా వెళ్తాను. చెన్నై రేవు మనకు మూడు గంటల దారి. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి సెయిలింగ్ మీద ఆశతో అక్కడికి వెళ్లే పిల్లలు నన్ను అలల గురించి, తుఫాను గురించి అడిగేదానికంటే కరెంటు గురించి అడిగేదే ఎక్కువ. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. లెక్కలన్నీ 38 అడుగుల పడవ, నలుగురు మనుషులు, 12 వోల్టుల బ్యాటరీ అనుకుని వేసినవి.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

నడిసముద్రంలో కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందన్నా?

నాలుగు దారులున్నాయి: సోలార్ ప్యానెళ్లు, గాలిమర, పడవ వెనక నీళ్లలో తిరిగే హైడ్రో జనరేటర్, ఇంజన్‌కు తగిలించిన ఆల్టర్నేటర్. ఏ దారిన వచ్చినా అది బ్యాటరీలో చేరాలి, బ్యాటరీ నుంచే ఖర్చవ్వాలి. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు పోయించుకున్న మిద్దెమీద ట్యాంకులాంటిదే ఇది. తర్వాతి ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎవరూ కొళాయి తిప్పి వదిలేయరు.

చాలామంది పెద్ద బ్యాటరీ కొంటే సమస్య తీరుతుందనుకుంటారు. బ్యాటరీ కరెంటును పుట్టించదు, దాస్తుంది, అంతే. రోజూ వచ్చేదానికంటే రోజూ పోయేది ఎక్కువైతే పెద్ద బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది, కాకపోతే రెండు రోజులు ఆలస్యంగా. అందుకే ముందు ఖర్చు తగ్గించండి, తర్వాత రాబడి పెంచండి, బ్యాటరీ కొనడం ఆఖర్న. ఈ వరస తిరగేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రోజుకు ఎంత కరెంటు అవుతుందో లెక్క ఎట్లా వేయాల?

ప్రతి పరికరానికీ అది లాగే ఆంపియర్లను నడిచే గంటలతో గుణిస్తే ఆంపియర్ అవర్లు వస్తాయి. అన్నీ కూడితే రోజు ఖర్చు. మామూలు పడవకు వేసి చూద్దాం.

చుక్కానిని దానంతటదే తిప్పే ఆటోపైలట్ సగటున 4 ఆంపియర్లు లాగుతుంది, 24 గంటలకు 96. ఫ్రిజ్ కంప్రెసర్ 5 ఆంపియర్లు. మన ఎండల్లో సగం సేపు నడుస్తుంది కాబట్టి 60. చార్ట్ చూపించే తెర రోజంతా వెలిగితే 24. గాలి, లోతు చెప్పే మీటర్లకు 7, దగ్గరి ఓడల వివరాలిచ్చే ఏఐఎస్‌కు 7, పడవలు, ఓడలు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో వింటూ ఉండటానికి 10. తెరచాప స్తంభం మీద ఎల్ఈడీ దీపానికి రాత్రంతా కలిపి 3 చాలు. లోపలి దీపాలకు 3, రెండు చిన్న ఫ్యాన్లకు 7, నీళ్ల పంపుకు 3, ఫోన్లు, ట్యాబ్‌లకు 10. మొత్తం 230 ఆంపియర్ అవర్లు.

ఈ లెక్కలో చూడవలసింది ఒకటుంది. ఆటోపైలట్, ఫ్రిజ్ రెండూ కలిసి 156. అంటే మూడింట రెండు వంతులు ఈ రెండింటికే పోతోంది. దీపాలు ఆర్పుకుంటూ చీకట్లో కూర్చుంటే మిగిలేది చాలా తక్కువ. తగ్గించాలంటే ఈ రెండింటి దగ్గరే తగ్గించాలి. రెండూ లేకపోతే ఖర్చు 74కు దిగుతుంది.

మీ పడవకు ఈ అంకెలు మారతాయి. కేటలాగ్‌లో రాసింది నమ్మి ఊరుకోకుండా క్లాంప్ మీటర్ పెట్టి ఒక్కో వస్తువునూ కొలవండి.

అసలు కరెంటు లేకుండానే సముద్రాలు దాటొచ్చా?

దాటొచ్చు, దాటారు. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968-69లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి వచ్చిన తొలి మనిషి. ఆయన పడవ ‘సుహైలీ’ మన బొంబాయిలోనే టేకుతో తయారైంది. పొడవు 32 అడుగులు. రేడియో మధ్యలోనే పాడైపోయినా 312 రోజుల్లో ఇంగ్లాండు చేరాడు. ఆ ప్రయాణం పేరు మీద జరిగే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఇప్పటికీ జీపీఎస్ చూసి దారి తెలుసుకోవడానికి వీల్లేదు. కాగితం చార్టు, సూర్యుడి, చుక్కల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్‌లే ఆధారం. 2022లో బయలుదేరిన ఆ రేసులో మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో వచ్చారు.

అంటే పడవ నడవడానికి కరెంటు అక్కర్లేదు. గాలి చాలు. ఇతరులకు మనం కనిపించడానికి, ఆపదలో పిలవడానికి, లోపలికొచ్చిన నీళ్లు తోడటానికి కరెంటు కావాలి. మిగతాదంతా సౌకర్యం. సౌకర్యం తప్పని నేను అనను, కానీ ఏది ఏదో ఒడ్డునే తేల్చుకోవాలి.

మన దగ్గర సాధన చేయడానికి చోటుందా?

చెన్నైలో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లోనూ సెయిలింగ్ నేర్పుతారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు నౌకాదళ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో ప్రపంచం చుట్టిన ఆరుగురు మహిళా అధికారుల్లో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య. చేపల పడవ కూడా ఎక్కని కుటుంబం మాదని వెనకాడకండి. కరెంటు పొదుపుకైతే సముద్రం దాకా పోనక్కర్లేదు. ఇంట్లో ఒక వారం రోజులు రెండు గదుల దీపాలు, ఫ్యాను, ఫోన్లను ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక ప్యానెల్ మీదే నడిపి చూడండి. మబ్బు పట్టిన నాడు ఏం జరుగుతుందో అప్పుడు అర్థమవుతుంది.

## సామాను కొనేటప్పుడు

ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీనే పడవలో పెట్టుకోకూడదా అన్నా?

కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకుని ఉన్న ఊరు మనది. అందుకే ఈ ప్రశ్న నాకు అందరికంటే ఎక్కువ వస్తుంది. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ గట్టిదే, ఎక్కువసార్లు చార్జింగు, ఖర్చు తట్టుకుంటుంది. కానీ అది కదలకుండా నిలబడి ఉండటానికి తయారైంది. తెరచాప పడవ గాలికి ఒకవైపు 20, 25 డిగ్రీలు ఒరిగి గంటల తరబడి అట్లాగే పోతుంది. మూతల్లోంచి ఆసిడ్ కారుతుంది. చార్జింగులో వచ్చే హైడ్రోజన్ మూసిన గదిలో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. సముద్రపు నీళ్లు ఆ ఆసిడ్‌లో కలిస్తే విషవాయువు క్లోరిన్ పుడుతుంది.

లెడ్ ఆసిడే కావాలంటే సీల్ వేసిన ఏజీఎం లేదా జెల్ రకం తీసుకోండి. ఏది పెట్టినా పట్టీలతో, బోల్టులతో పడవకు బిగించాలి. పడవ తలకిందులైనా బ్యాటరీ కదలకూడదు. 30 కిలోల బరువు అలల్లో ఎగిరి పడితే మనిషి మిగలడు.

లెడ్ ఆసిడా, లిథియమా? ఎన్ని ఆంపియర్ అవర్లు చాలు?

ఆటోపైలట్, ఫ్రిజ్ దగ్గర తగ్గించాక రోజు ఖర్చు 100, మబ్బు పట్టినా రెండు రోజులు నడవాలి అనుకుందాం. కావలసింది 200. లెడ్ ఆసిడ్‌ను సగానికంటే కిందికి దించితే ఆయుష్షు తరిగిపోతుంది కాబట్టి 400 ఆంపియర్ అవర్లు పెట్టాలి. బరువు సుమారు 120 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో ఎనభై ఐదు శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి 240 చాలు. బరువు 30 కిలోల చుట్టుపక్కల.

బరువుకంటే పెద్ద తేడా చార్జింగులో ఉంది. లెడ్ ఆసిడ్ ఎనభై శాతం దాకా గబగబా తీసుకుంటుంది, మిగతా ఇరవై శాతానికి గంటలు పడుతుంది. ఆ ఇరవై నిండకుండా రోజుల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ చిన్నదైపోతుంది. లిథియం చివరిదాకా ఒకే జోరుతో తీసుకుంటుంది. సగంలో ఆపినా దానికి నష్టం లేదు.

అయితే లిథియంలో బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజీ మరీ తగ్గినా, వేడెక్కినా అది కరెంటును ఒక్కసారిగా కోసేస్తుంది. లెడ్ ఆసిడ్‌లో దీపం మసకబారుతూ ముందే చెబుతుంది, లిథియంలో పడవంతా ఒక్క క్షణంలో చీకటవుతుంది. ఆల్టర్నేటర్ నడుస్తుండగా అట్లా తెగితే దాని డయోడ్లు కాలిపోతాయి కూడా. నా సలహా: వాడకానికి లిథియం, ఇంజన్ స్టార్టింగుకు విడిగా ఒక లెడ్ ఆసిడ్, అవసరమైతే రేడియో, దీపాలను దాని మీదికి మార్చుకునేందుకు ఒక స్విచ్చి. డబ్బు చాలకపోతే ఏజీఎంతో కూడా సముద్రం దాటొచ్చు, రోజూ నిండుగా చార్జి చేస్తే చాలు.

ఎన్ని వాట్ల సోలార్ పెట్టాల? మిద్దెమీద పెట్టేవి పనికొస్తాయా?

ప్యానెల్ మీద రాసిన వాట్లు ఎండ నిటారుగా పడి, ప్యానెల్ చల్లగా ఉన్నప్పటి లెక్క. పడవ ఊగుతుంది, తెరచాప నీడ పడుతుంది, ప్యానెల్ కాలిపోతుంటుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే రాబడి సుమారు 0.4 శాతం పడిపోతుంది. అందుకని మన అక్షాంశాల్లో కూడా రోజుకు మూడున్నర గంటల పూర్తి ఎండ అనుకుని లెక్క వేయండి. 400 వాట్లకు 1,400 వాట్ అవర్లు, అంటే 110 ఆంపియర్ అవర్ల చుట్టూ వస్తుంది. రోజుకు 230 ఖర్చు చేసే పడవకు 800 వాట్లు కావాలి. 38 అడుగుల పడవ మీద నీడ పడకుండా అంత వైశాల్యం దొరకడం కష్టం.

నీడే అసలు శత్రువు. స్తంభాన్ని పట్టి ఉంచే ఒక్క తీగ నీడ అడ్డంగా పడినా ప్యానెల్‌లో ఒక వరస సెల్స్ రాబడి పడిపోతుంది. ప్యానెళ్లన్నిటినీ సిరీస్‌లో కలిపితే ఒకదాని నీడ అన్నిటినీ కిందికి లాగే ప్రమాదముంది. చిన్న ప్యానెళ్లు తీసుకుని ఒక్కోదానికి విడి ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి వీలైనంత రాబడి లాగి బ్యాటరీకి పంపేది) పెట్టడం మేలు.

మిద్దెమీది 540 వాట్ల ప్యానెల్ రెండు మీటర్లకు పైగా పొడవు, పాతిక కిలోలకు పైగా బరువు. తుఫాను గాలికి అదే ఒక తెరచాప అవుతుంది. 100 నుంచి 200 వాట్ల గట్టి ఫ్రేము ప్యానెళ్లను వెనకభాగంలో స్టీలు కమాను మీద బిగించండి. వంగే పల్చటి ప్యానెళ్లు డెక్‌కు అతికిస్తే కింద గాలి ఆడక వేడికి త్వరగా పాడవుతాయి.

గాలి ఎప్పుడూ ఉంటుంది కదా, గాలిమర ఒక్కటీ సరిపోదా?

గాలిమర రాబడి గాలి వేగం ఘనంతో మారుతుంది. వేగం సగమైతే రాబడి ఎనిమిదో వంతు. సుదూర ప్రయాణాల్లో ఎక్కువ రోజులు గాలి వెనకనుంచే వస్తుంది. 15 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలిలో 6 నాట్ల వేగంతో గాలివాలునే పోతుంటే గాలిమరకు తగిలేది 9 నాట్లే. 15 నాట్లకు వచ్చేదాంట్లో అయిదో వంతు చేతికొస్తుంది. లంగరు వేసి ఉన్నప్పుడు గాలిమర బాగా పనిచేస్తుంది, ప్రయాణంలో నిరాశపరుస్తుంది.

ప్రయాణానికి హైడ్రో జనరేటరే మేలు. మంచి రకమైతే 5 నాట్ల వేగానికి 100 వాట్ల చుట్టూ ఇస్తుంది, అదీ రాత్రింబవళ్లు. 24 గంటలకు 200 ఆంపియర్ అవర్లు. పడవ వేగం కొద్దిగా తగ్గుతుంది, ధర ఎక్కువ, నాచు చుట్టుకుంటే పైకి లాగి శుభ్రం చేయాలి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వంటి సుమారు 1,190 కిలోమీటర్ల ప్రయాణానికి, అంటే అయిదారు రోజులకు, ఇంత ఖర్చు అక్కర్లేదు. కానరీ దీవుల నుంచి కరీబియన్‌కు 2,700 నాటికల్ మైళ్లు, దాదాపు మూడు వారాలు. అట్లాంటి దూరాలకు ఇది తన విలువ చూపిస్తుంది.

వైరింగుకు మామూలు ఇంటి వైరు చాలదా?

చాలదు. 230 వోల్టుల్లో 600 వాట్ల వస్తువు 3 ఆంపియర్లలోపు లాగితే, 12 వోల్టుల్లో అదే 50 ఆంపియర్లు లాగుతుంది. సన్నని వైరులో వోల్టేజీ దారిలోనే పోతుంది, వైరు వేడెక్కుతుంది. పడవలో అన్నిటికంటే భయపడవలసింది నిప్పుకే. తగరం పూత వేసిన మెత్తని రాగి కేబుల్ వాడండి. పూత లేని రాగి ఉప్పుగాలికి లోపల్లోపల నల్లబడిపోతుంది. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు ఉండాలి, దూరంగా ప్యానెల్ బోర్డులో ఉంటే లాభం లేదు.

## నడిసముద్రంలో

ఆటోపైలట్ ఆపేస్తే నాలుగు వేళలా చుక్కాని పట్టుకుని కూర్చోవాల్నా?

అక్కర్లేదు. విండ్‌వేన్ అనే యంత్రముంది. పడవ వెనక నిలబెట్టిన రెక్క గాలి దిశ మారగానే వాలుతుంది. ఆ వాలు నీళ్లలో వేలాడే ఒక తెడ్డును తిప్పుతుంది. పడవ పక్కగా పారే నీళ్లు తెడ్డును తోస్తాయి, ఆ తోపు తాళ్ల ద్వారా చుక్కానిని కదిలిస్తుంది. ఒక్క ఆంపియర్ ఖర్చు లేదు. పైగా గాలి పెరిగి పడవ వేగం పుంజుకునేకొద్దీ దాని బలమూ పెరుగుతుంది. ఆటోపైలట్ అయితే అప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. సుదూరం పోయేవాళ్లు మొదట డబ్బు పెట్టవలసింది దీనికేనని నా గట్టి నమ్మకం.

దాని పద్ధతి తెలుసుకుని వాడాలి. అది దిక్సూచిని పట్టుకోదు, గాలికి ఒక కోణాన్ని పట్టుకుంటుంది. గాలి తిరిగితే పడవా తిరుగుతుంది. కాపలాలో ఉన్నవాళ్లు గంటకోసారైనా దిక్సూచి చూసుకోవాలి. గాలి మరీ తక్కువై వెనకనుంచి వస్తుంటే తడబడుతుంది. ఇంజన్ మీద పోతున్నప్పుడు పనికిరాదు. అప్పుడు ఎట్లాగూ ఆల్టర్నేటర్ నడుస్తుంటుంది కాబట్టి ఆటోపైలట్ వాడుకోవచ్చు.

విండ్‌వేన్ లేకపోయినా ఆటోపైలట్ ఖర్చు తగ్గించొచ్చు. తెరచాపలు సరిగా సర్ది, గాలి పెరగకముందే పెద్ద తెరచాపను కొంత మడిచి పడవను సమతూకంలో పెట్టండి. చుక్కాని చేతిలో తేలిగ్గా ఆడుతుంటే మోటారు కూడా తేలిగ్గానే నడుస్తుంది. స్పందన సెట్టింగును ఒక మెట్టు తగ్గిస్తే ప్రతి చిన్న అలకూ మోటారు కదలదు. పగటి కాపలాలో ఒక గంట చేత్తో నడపండి. దాంతో పడవ మీకు అర్థమవుతుంది కూడా.

ఫ్రిజ్ లేకుండా మూడు వారాలు ఏం తింటాం?

మన వంటిల్లు ఫ్రిజ్ రాకముందు నుంచీ ఉన్నదే. రాగిపిండి, బియ్యం, కందిపప్పు, ఉలవలు, చెనక్కాయలు, చింతపండు, బెల్లం, పప్పులపొడి, నిమ్మకాయ ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు ఇవేవీ చల్లదనం అడగవు. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, గుమ్మడికాయ, కంద, చేమదుంపలు గాలి ఆడే వలసంచుల్లో వేలాడదీస్తే వారాలు ఉంటాయి. క్యాబేజీ రెండు వారాలు సులువుగా నిలుస్తుంది. కడగని, ఒక్కసారీ ఫ్రిజ్‌లో పెట్టని కోడిగుడ్లు కూడా అట్లాగే నిలుస్తాయి. పగలగొట్టే ముందు నీళ్లలో వేసి చూడండి, పైకి తేలితే పారేయండి. పాలపొడి కలిపి, కాచి, గోరువెచ్చగా తోడు పెడితే ఆ వేడికి పెరుగు బాగా తోడుకుంటుంది. పొద్దున సంగటి, పెరుగు, ఊరగాయతో నాలుగు గంటల కాపలా హాయిగా గడుస్తుంది. కుక్కర్లో వండితే గ్యాసూ, నీళ్లూ కలిసొస్తాయి.

ఇన్సులిన్ వంటి మందులుంటే మాత్రం సంగతి వేరు. వాటికి చల్లదనం తప్పనిసరి కాబట్టి ఆ ఖర్చును మొదటి వరుసలో రాసుకోండి, ఇంకేదైనా వదులుకోండి.

ఫ్రిజ్ ఉంచుకుంటామంటే పైనుంచి తెరిచేది ఎంచుకోండి, చలి కిందికి పారిపోదు. గోడల ఇన్సులేషన్ మందం పెంచడం ఇంకో ప్యానెల్ కొనడంకంటే లాభం. ప్యానెళ్ల రాబడి పొంగే పదకొండు నుంచి మూడు గంటల మధ్య బాగా చల్లబరిచి నీళ్ల సీసాలు గడ్డకట్టించండి, రాత్రి వీలైనంత సేపు ఆపి ఉంచండి. ఖాళీ ఫ్రిజ్ నడపడం దండగ.

మిక్సీ, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి?

600 వాట్ల మిక్సీ అయిదు నిమిషాలు తిప్పితే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 5 ఆంపియర్ అవర్లు. వారానికి రెండుసార్లు పచ్చడికి అది పెద్ద ఖర్చు కాదు. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంట నడిస్తే 30కి పైనే, అంటే ఒక 100 వాట్ల ప్యానెల్ రోజంతా సంపాదించింది. ఇండక్షన్ పొయ్యి ఈ పరిమాణం పడవకు వద్దు, గ్యాసే వాడండి. సిలిండర్ డెక్ మీద, గ్యాసు కారితే బయటికే పోయే పెట్టెలో ఉండాలి.

ఇన్వర్టర్‌ను పని అవగానే ఆపేయండి. ఊరికే వెలిగి ఉన్నా గంటకు దాదాపు ఒక ఆంపియర్ తినే రకాలున్నాయి, రోజుకు 24 ఊరికే పోయినట్టు. ఫోన్లు, ట్యాబ్‌లను నేరుగా 12 వోల్టుల సాకెట్ నుంచే చార్జి చేయండి.

రాత్రిపూట దీపాలు ఆర్పేసి కరెంటు మిగిల్చుకోవచ్చా?

వద్దు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా దారి దీపాలు వెలగాలని 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు చెబుతున్నాయి. చట్టం సంగతి అటుంచి, ఓడ మీద ఉన్నవాడికి మీరు కనిపించే దారి అదొక్కటే. 20 మీటర్లలోపు తెరచాప పడవ మూడు రంగుల దీపాన్ని స్తంభం కొసన ఒకటే పెట్టుకోవచ్చు. పాత 25 వాట్ల బల్బు అయితే రాత్రికి 25 ఆంపియర్ అవర్లు, ఎల్ఈడీకి 3. ఇంజన్ మీద పోతున్నప్పుడు ఆ దీపం ఆర్పి, కింది పక్క దీపాలు, ఇంజన్ దీపం వేయాలి.

లోపల ఎర్ర దీపం వాడండి, కళ్లకు చీకటి అలవాటు చెడదు.

ఏఐఎస్ అలారం ఉంది కదా, కాపలా లేకుండా పడుకోవచ్చా?

మన తీరంలో ఈ ఆలోచనే రానివ్వకండి. 2022లో కొత్తగా ఏర్పడ్డ తిరుపతి జిల్లాకే సముద్రతీరం ఉంది. వాకాడు మండలం తూపిలిపాళెం వెళ్లి చూడండి. అక్కడి ఫైబరు పడవల్లో చాలావాటికి ఏఐఎస్ ఉండదు. రాత్రి వల వేసుకుని కూర్చుని, మనం దగ్గరికి వచ్చాక టార్చి వేస్తారు. మీ తెర మీద అక్కడ ఖాళీ సముద్రమే కనిపిస్తుంది. ఆ పడవలో ఉండేది మన మనుషులే. కళ్లతో, చెవులతో ఎప్పుడూ కాపలా కాయాలన్నది నిబంధన కూడా.

ఏఐఎస్‌ను, ఆపద పిలుపులు వినిపించే వీహెచ్ఎఫ్ 16వ చానెల్‌ను ఎప్పుడూ ఆపకండి, రెండింటికీ కలిపి 17 ఆంపియర్ అవర్లే. రాడార్ మాత్రం వర్షపు జల్లు కమ్ముకున్నప్పుడు, ఓడల దారి దాటేటప్పుడు వేసుకుంటే చాలు.

మా అమ్మ రోజూ ఫోన్ చేయమంటోంది, ఏం చెప్పాల?

తీరం దాటి కొన్ని మైళ్లు పోగానే మొబైల్ సిగ్నల్ ఉండదు. ఉపగ్రహ ఫోను పెద్దగా కరెంటు తినదు, కానీ మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను దగ్గర ఉంచుకోవడమే నేరం. తురయా, ఇరిడియం ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు తెచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడ్డ విదేశీయులున్నారు. ముందు టెలికాం శాఖ అనుమతి సంగతి చూసుకోండి. ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్‌లు ఇంకో రకం. పెద్దవి 50 నుంచి 75 వాట్లు లాగుతాయి, రోజంతా వేస్తే 100 ఆంపియర్ అవర్లు దాటుతుంది. వాతావరణ సమాచారం దించుకునే అరగంట వేసి ఆపేస్తే 3 చాలు.

అమ్మకు కాగితం మీద రాసి ఇవ్వండి: బయలుదేరే తేదీ, చేరే తేదీ, ఎన్ని రోజులు ఆలస్యమైనా కంగారు పడనక్కర్లేదో, ఆ గడువు దాటితే ఎవరికి చెప్పాలో. కోస్ట్ గార్డ్ నంబరు 1554. రోజూ ఫోన్ చేస్తానని మాట ఇవ్వకండి. పరికరం పాడై ఒక రోజు ఫోన్ రాకపోతే ఇంట్లో వాళ్లు నరకం చూస్తారు. చేరాకే ఫోన్ చేస్తానని చెబితే ఎదురుచూపు వాళ్లకు తేలికవుతుంది.

ఇంజన్ వేసి బ్యాటరీ నింపుకుంటే పోలా?

గంటకు రెండు, మూడు లీటర్ల డీజిల్ అవుతుంది. ట్యాంకులో 100 లీటర్లుంటే నలభై గంటలే. ఆ డీజిల్ గాలి చచ్చినప్పుడు, రేవులోకి దూరేటప్పుడు కావాలి. 80 ఆంపియర్లని రాసి ఉన్న ఆల్టర్నేటర్ వేడెక్కాక అంత ఇవ్వదు. తప్పనప్పుడు తెల్లవారుజామున, బ్యాటరీ బాగా దిగి ఉన్నప్పుడు గంట వేయండి, అప్పుడే అది జోరుగా తీసుకుంటుంది. ఆపైన మిగిలిన నెమ్మది చార్జింగును ఎండకు వదిలేయండి.

తాగే నీళ్లకు కరెంటు ఎంత?

మనిషికి రోజుకు 3 లీటర్లనుకుంటే నలుగురికి మూడు వారాలకు 250 లీటర్లు. ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే చిన్న యంత్రం 4 ఆంపియర్లతో గంటకు 6 లీటర్ల దాకా ఇస్తుంది, అంటే రోజుకు రెండు గంటలు, 8 ఆంపియర్ అవర్లు. అయినా యంత్రాన్ని నమ్మి ట్యాంకు సగం నింపుకుని బయలుదేరకండి. వంటపాత్రలు సముద్రపు నీళ్లతో తోమి, మంచినీళ్లతో ఒక్కసారి కడిగితే చాలు.

## ఏదైనా తేడా వస్తే

బ్యాటరీ ఎంత మిగిలిందో ఎట్లా తెలుస్తుంది?

లెడ్ ఆసిడ్‌ను కాసేపు ఏ భారమూ లేకుండా ఉంచి కొలిస్తే 12.7 వోల్టులు నిండుగా, 12.2 సగం, 11.9కి దిగితే దాదాపు ఖాళీ. లిథియంలో వోల్టేజీ చివరిదాకా కదలదు కాబట్టి మీటరు మోసం చేస్తుంది. లోపలికి వచ్చిన, బయటికి పోయిన ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మానిటర్ పెట్టుకోవాలి. ఏ రకమైనా ప్రతి కాపలా మార్పుకూ ఆ అంకెను లాగ్ పుస్తకంలో రాయండి.

మూడు రోజులుగా మబ్బు, బ్యాటరీ పడిపోతోంది. ముందు ఏది ఆపాల?

ఫ్రిజ్, ఇన్వర్టర్, చార్ట్ తెర, ఇంటర్నెట్ మొదట. తర్వాత ఆటోపైలట్ ఆపి చేత్తో నడపండి, ఇద్దరిద్దరు రెండు గంటలకోసారి మారండి. ఫ్యాన్లు ఆపితే నిద్ర పట్టదు, అలసిన మనిషి తప్పులు చేస్తాడు, కాబట్టి ఒక ఫ్యాను ఉంచండి. దారి దీపం, వీహెచ్ఎఫ్, ఏఐఎస్, నీళ్లు తోడే పంపు చివరిదాకా ఉండాలి. ఈ వరుసను ఒడ్డునే రాసి స్విచ్చి బోర్డు పక్కన అతికించండి. అలసట మీద తీసుకునే నిర్ణయం బాగుండదు.

ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. ఏం చేయాల?

ముందు ఒకరు చుక్కాని పట్టుకోవాలి, ఇంకొకరు సెల్ టార్చితో చుట్టూ ఓడలున్నాయేమో చూడాలి. ఆ తర్వాతే బ్యాటరీ దగ్గరికి. కాలిన వాసన వస్తుంటే మెయిన్ స్విచ్చి తీసేయండి. లేకపోతే మెయిన్ ఫ్యూజు, టెర్మినల్ బిగుతు, లిథియమైతే బీఎంఎస్ స్థితి వరసగా చూడండి. పడవల్లో ఇట్లాంటివి ఎక్కువగా తుప్పు పట్టిన, వదులైన కనెక్షన్ దగ్గరే దొరుకుతాయి. పడవ అడుగున చేరిన నీళ్లు తోడటానికి చేత్తో కొట్టే బిల్జ్ పంపు, బ్యాటరీ సెల్స్‌తో నడిచే దీపాలు, చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్, కాగితం చార్టు ఇందుకే.

పిడుగు పడితే?

చుట్టూ మైళ్ల దూరం ఎత్తైనది మీ స్తంభమే. ఉరుములు దగ్గరవుతుంటే యాంటెన్నా తీగలు ఊడదీయండి. చేతి జీపీఎస్, ఒక ఫోను, చేతి రేడియో మూత బిగించిన ప్రెషర్ కుక్కర్లోనో, ఓవెన్‌లోనో పెట్టండి. లోహపు గోడలు కొంత రక్షణ ఇస్తాయి. స్తంభాన్ని, స్టీలు తీగలను ముట్టుకోకుండా కూర్చోండి.

బ్యాటరీలన్నీ చచ్చాక ఆపదలో పిలవడం ఎట్లా?

ఆపద సంకేతం పంపే ఈపర్బ్ పెట్టెకు దాని సొంత బ్యాటరీ ఉంటుంది, పడవ కరెంటుతో సంబంధం లేదు. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి కనీసం 48 గంటలు సంకేతం పంపుతుంది. మన వైపు ఆ సంకేతాలు బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రానికి చేరతాయి, తూర్పు తీరానికి రక్షణ పని చెన్నైలోని కోస్ట్ గార్డ్ కేంద్రం చూస్తుంది. మీ పేరు, పడవ పేరు ముందే నమోదు చేయించండి. బ్యాటరీ గడువు తేదీ చూసుకోండి.

## రేవు చేరాక

రేవులో ఇంటి కరెంటు తగిలించుకోవచ్చా?

వోల్టేజీ చూడకుండా వద్దు. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కరీబియన్‌లో చాలాచోట్ల 110-120 వోల్టులు, 60 హెర్ట్జ్. చార్జర్ రెండింటికీ పనిచేసేదా అని దాని మీద రాసి ఉంటుంది. లెడ్ ఆసిడ్ అయితే వారాల తర్వాత దొరికిన ఈ అవకాశంలో పూర్తిగా, తీరిగ్గా నింపండి.

పడవను నాలుగు నెలలు వదిలి ఇంటికొస్తే బ్యాటరీ ఏమవుతుంది?

లెడ్ ఆసిడ్‌ను నిండుగా నింపి, ఒక చిన్న ప్యానెల్‌ను కంట్రోలర్‌తో తగిలించి వదిలేయండి. ఖాళీగా వదిలిన లెడ్ ఆసిడ్ తిరిగొచ్చేసరికి చచ్చి ఉంటుంది. లిథియంను సగం చార్జితో, మెయిన్ స్విచ్చి తీసేసి ఉంచండి. వేడి రెండింటికీ చెరుపే. 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకూ లెడ్ ఆసిడ్ ఆయుష్షు సుమారు సగమవుతుంది. కాబట్టి బ్యాటరీ గదికి గాలి ఆడే దారి తెరిచి, డెక్ మీద నీడకు గుడ్డ కట్టి రండి. బిల్జ్ పంపు తీగ మాత్రం మెయిన్ స్విచ్చికి ముందే, సొంత ఫ్యూజుతో బ్యాటరీకి నేరుగా కలిసి ఉండాలి. మీరు లేనప్పుడు నీళ్లు తోడేది అదే. నెలకోసారి రేవులో తెలిసినవాళ్లతో వోల్టేజీ చూపించుకుని ఫోటో తెప్పించుకోండి.